ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా అంటే మన ఇంటర్ లెక్కలేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా మటుకు అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీల్లో చేరబోతున్నవాళ్లవి. అందులోనూ సగానికి పైగా ఒక్క కోర్సు గురించే. ఒకే సందేహం నలుగురికి ఉన్నచోట కలిపి జవాబిస్తున్నాం. అచ్చులో సౌకర్యం కోసం సమీకరణాల్లో ఎక్స్‌కు బదులు ‘క’ అని వేస్తున్నాం.

ప్రశ్న: మావారి ఉద్యోగం వల్ల హెచ్4 వీసా మీద వచ్చాను. గుంటూరులో ఇంటర్ ఎంపీసీ, తర్వాత బీకాం చేశాను. పుస్తకం పట్టి పద్నాలుగేళ్లయింది. ఇక్కడ అకౌంటింగ్‌లో చేరదామని వెళ్తే ప్లేస్‌మెంట్ పరీక్ష (ఎవరిని ఏ కోర్సులో వేయాలో తేల్చేది) పెట్టి, ‘ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా’ తీసుకోమన్నారు. ఇంటర్ పాసైనదాన్ని మళ్లీ ఇంటర్ చదవాలా? అసలు ఈ వీసా మీద చదువుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: పేరు చూసి కంగారు పడకండమ్మా, మన ఇంటర్‌కూ దీనికీ చుట్టరికం లేదు. ఇక్కడి మెట్ల వరస ఇలా ఉంటుంది: ప్రీ ఆల్జీబ్రా, ఎలిమెంటరీ ఆల్జీబ్రా, ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా, ఆపైన కాలేజీ ఆల్జీబ్రా, ప్రీ కాలిక్యులస్, కాలిక్యులస్. నడిమి మెట్టు కాబట్టి ఆ పేరు. ఇక్కడి హైస్కూళ్లలో ‘ఆల్జీబ్రా టూ’ అని చెప్పేది దాదాపు ఇదే. సిలబస్ తిరగేస్తే మన తొమ్మిది, పది తరగతుల బీజగణితమే కనిపిస్తుంది: రేఖీయ సమీకరణాలు, బహుపదులు, కారణాంకాలు, ఘాతాంకాలు, కరణులు, వర్గ సమీకరణాలు. వాటికి అసమీకరణాలు, ప్రమేయాలు, సంవర్గమానాలు, సంకీర్ణ సంఖ్యల పరిచయం కాస్త కాస్త కలుస్తాయి. ఎంపీసీ రెండో ఏడాదిలో మీరు ద్విపద సిద్ధాంతం, సమీకరణ వాదం దాకా వెళ్లినవారు. పద్నాలుగేళ్ల తుప్పు మిమ్మల్ని రెండు మెట్లు కిందకు దించింది, అంతే.

అందుకని వెంటనే రిజిస్టర్ చేసుకోకండి. చాలా రాష్ట్రాల్లో ఈ కోర్సు డిగ్రీకి లెక్కకు రాదు. ఫీజు కట్టాలి, ఒక సెమిస్టర్ గడపాలి, చివరికి చేతికొచ్చేది పై కోర్సులో కూర్చునే అర్హత మాత్రమే. ముందు కౌన్సెలర్‌ను కలిసి మీ అకౌంటింగ్ ప్రోగ్రాంకు ఏ లెక్కల కోర్సు కావాలో కోర్సు నంబరుతో సహా రాయించుకోండి. కొన్ని ప్రోగ్రాంలకు స్టాటిస్టిక్స్ చాలు, దానికి ఈ ఆల్జీబ్రా మెట్టు అడగకపోవచ్చు కూడా.

రెండోది, మీ ఇంటర్ మెమో, డిగ్రీ మార్కుల జాబితా పనికొస్తాయేమో చూడండి. నేసెస్ సంఘంలో సభ్యత్వమున్న మదింపు సంస్థల్లో ఒకదానికి (వెస్, ఈసీఈ లాంటివి) పంపాలి. అక్కడ రెండు రకాల నివేదికలు అమ్ముతారు. చవకలో వచ్చేది ‘మీ బీకాం ఇక్కడి ఫలానా డిగ్రీకి సమానం’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. మీకు కావలసింది కోర్సు వారీ నివేదిక. దానిలోనే ఏ సబ్జెక్టుకు ఎన్ని క్రెడిట్లు, ఏ గ్రేడు అన్నది ఉంటుంది. బీకాంలో బిజినెస్ స్టాటిస్టిక్స్ పేపరుంటే అది ఇందులోనే బయటపడుతుంది. చవకది తెప్పించుకుని, కాలేజీ వద్దన్నాక రెండోసారి డబ్బు కట్టడం మనవాళ్లు తరచుగా చేసే పొరపాటు. ఏ సంస్థ నివేదిక ఒప్పుకుంటారో కాలేజీ అడ్మిషన్ల ఆఫీసులో ముందే కనుక్కోండి.

ఇవేవీ కుదరకపోతే పరీక్ష మళ్లీ రాయండి. దాని సంగతి కింది జవాబులో ఉంది.

వీసా గురించి కూడా అడిగారు. హెచ్4 మీద ఉన్నవారు చదువుకోవడానికి విద్యార్థి వీసా ఎఫ్1కు మారాల్సిన పని లేదు, దానికి కాలేజీ ఇచ్చే ఐ20 పత్రం అక్కర్లేదు, ఒక్క కోర్సే తీసుకున్నా ఇబ్బంది లేదు, అన్నీ ఆన్‌లైన్లో తీసుకున్నా ఇబ్బంది లేదు. ఫెడరల్ ఆర్థిక సాయం మాత్రం హెచ్4కు రాదు. స్థానికుల ఫీజు వర్తిస్తుందా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. లీజు, కరెంటు బిల్లు, డ్రైవింగ్ లైసెన్సు దగ్గర పెట్టుకుని అడగండి.

ప్రశ్న: ప్లేస్‌మెంట్ పరీక్షల్లో అక్యుప్లేసర్, అలెక్స్ అని రెండు పేర్లు వినిపిస్తున్నాయి. ఎలా చదవాలి? ఎంసెట్ లాగా ఉంటాయా?
– ఇద్దరు పాఠకులు, జార్జియా, మిషిగన్

జవాబు: ఎంసెట్ అలవాటును గుమ్మం బయటే వదిలేయండి. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలకు పరిగెత్తిన చేయి ఇక్కడ కొంప ముంచుతుంది.

ఇప్పటి అక్యుప్లేసర్‌లో లెక్కలకు మూడు పరీక్షలున్నాయి: అంకగణితం ఒకటి, బీజగణితం, గణాంకాలు కలిసినది ఒకటి, పైస్థాయి బీజగణితం, ప్రమేయాలది ఒకటి. ఒక్కోదాంట్లో 20 ప్రశ్నలు, స్కోరు 200 నుంచి 300 మధ్య. టైము పరిమితి లేదు. మీరిచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న బరువు మారుతుంది, ఒకసారి జవాబిచ్చి ముందుకెళ్తే వెనక్కి రాలేరు. కాబట్టి ప్రతి ప్రశ్ననూ కాగితం మీద పూర్తిగా చేసి, సరిచూసుకున్నాకే నొక్కాలి. మీ కాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు. అవసరమైన ప్రశ్నలకు తెర మీదే ఒకటి వస్తుంది.

అలెక్స్‌లో ఎక్కువలో ఎక్కువ 30 ప్రశ్నలు. చాలా వాటికి నాలుగు ఆప్షన్లు ఉండవు, జవాబు మీరే కట్టి రాయాలి, గుడ్డి దెబ్బ పనిచేయదు. స్కోరు 100కు. దీనిలో ఉన్న సుగుణం ఏమిటంటే, మొదటిసారి రాశాక మీకు రాని పాఠాలన్నీ పట్టిక కట్టి, వాటిని నేర్పే విభాగం తెరుస్తుంది. అది చేసి మళ్లీ రాయొచ్చు. మొత్తం ఐదుసార్ల వరకు అవకాశం ఉంటుంది, ఎన్నింటికి ఒప్పుకుంటారో, మధ్యలో ఎంత విరామం కావాలో కాలేజీ చెబుతుంది. అందుకే మొదటి ప్రయత్నంలో ఇంట్లో పిల్లల సాయం తీసుకోకండి. పక్కన కూర్చున్న మీ అమ్మాయి రెండు లెక్కలు చెబితే ఆ పాఠాలు మీకు వచ్చినట్టు పట్టికలో పడిపోతాయి, నేర్చుకునే వీలే పోతుంది.

తయారీకి మూడు వారాలు, రోజుకు గంటన్నర చాలు. మొదటి వారం పూర్తిగా భిన్నాలు, రుణ సంఖ్యలు, ఘాతాంకాలు. ఇది చిన్నపిల్లల పని అనిపిస్తుంది, కానీ స్కోరు పోయేది ఎక్కువగా ఇక్కడే. రెండో వారం కారణాంకాలు, వర్గ సమీకరణాలు. మూడో వారం సరళరేఖలు, వాలు, రెండు చలరాశుల సమీకరణ జతలు. పుస్తకం కొనక్కర్లేదు. టెక్సాస్‌లోని రైస్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌స్టాక్స్‌లో ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా పాఠ్యపుస్తకం ఉచితంగా దొరుకుతుంది.

ప్రశ్న: పదో తరగతి వరకు కరీంనగర్ దగ్గర తెలుగు మీడియంలో చదివాను. లెక్క బోర్డు మీద చూస్తే అర్థమవుతోంది, ప్రొఫెసర్ చెప్పేది మాత్రం అందడం లేదు. క్లాసులో నోరు తెరవాలంటే భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, కొలంబస్, ఒహాయో

జవాబు: మీ కష్టం లెక్కలది కాదని మీరే కనిపెట్టారు, సగం పని అయినట్టే. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకీ ఇక్కడ తడబాటు ఉంటుంది, ఎందుకంటే మన ఇంగ్లిష్ లెక్కల మాటలు బ్రిటిష్‌వారివి.

ముందు ఒక్క మాట మానేయండి: ‘ఇంటూ’. మనం ‘ఐదు ఇంటూ మూడు’ అంటే గుణకారం. ఇక్కడివారి చెవికి ‘ఐదు మూడులోకి ఎన్నిసార్లు పోతుంది’ అన్నట్టు, అంటే భాగహారంలా వినిపిస్తుంది. ‘ఐదు టైమ్స్ మూడు’ అనండి.

మిగతావి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. కరణిని మనం సర్డ్ అని నేర్చుకుంటే ఇక్కడ రాడికల్. ఘాతాంకాలు ఇండైసెస్ కావు, ఎక్స్‌పోనెంట్స్. గసాభా హెచ్‌సీఎఫ్ కాదు, జీసీఎఫ్. భిన్నాల హారాలకు కసాగు తీస్తే దాన్ని ఎల్‌సీడీ అంటారు. చిన్న కుండలీకరణం పేరు పెరెంథసిస్. ‘బ్రాకెట్’ అంటే చదరపుది అనుకుంటారు. జెడ్ అక్షరాన్ని జీ అని పలుకుతారు. సరళరేఖ సమీకరణంలో మనం చివర ‘సీ’ అని రాసే స్థిరాంకం ఇక్కడ ‘బీ’. మధ్య పదాన్ని విడగొట్టి కారణాంకాలు తీసే మన పద్ధతికి ఇక్కడ ‘ఏసీ మెథడ్’ అని పేరు. అంటే 6క² + క − 12 ఇస్తే 6ను −12తో గుణించి −72 తెచ్చుకుని, కూడితే 1 వచ్చే జత 9, −8 పట్టుకుని, 3క(2క + 3) − 4(2క + 3) అని రాసి (3క − 4)(2క + 3) తేల్చడం. మీకు చేతిలో పని. పేరు తెలియక ‘ఇదేదో కొత్తది’ అని బెదిరేవాళ్లను చాలామందిని చూస్తుంటాం.

తెలుగు నుంచి: చలరాశి వేరియబుల్, గుణకం కోఎఫిషియంట్, ప్రమేయం ఫంక్షన్, ప్రదేశం డొమైన్, వ్యాప్తి రేంజ్, పరమ మూల్యం ఆబ్సొల్యూట్ వేల్యూ, విచక్షణి డిస్క్రిమినెంట్, సంవర్గమానం లాగరిథం, అసమీకరణం ఇనీక్వాలిటీ, అకరణీయం రేషనల్. ఇక్కడొక మెలిక. కోర్సులో వచ్చే ‘రేషనల్ ఎక్స్‌ప్రెషన్స్’ పాఠమంటే హారంలో చలరాశి ఉన్న భిన్నాలు. ‘రేషనల్ ఎక్స్‌పోనెంట్స్’ అంటే భిన్న ఘాతాంకాలు. ఒకే మాట రెండుచోట్ల, పాఠాలు వేరు.

పద సమస్యల్లో నాణేల లెక్కలు ఖాయం. నికెల్ 5 సెంట్లు, డైమ్ 10, క్వార్టర్ 25. డైమ్ చేతికి నికెల్ కన్నా చిన్నగా తగులుతుంది, విలువ మాత్రం రెట్టింపు. లెక్కలో ఈ విలువలు ఇవ్వరు, తెలిసే ఉంటాయనుకుంటారు. ఉదాహరణకు డైములు, క్వార్టర్లు కలిపి 30 నాణేలు, మొత్తం 4 డాలర్ల 80 సెంట్లు. క్వార్టర్లు ‘క’ అనుకుంటే 25క + 10(30 − క) = 480, అంటే 15క = 180, క్వార్టర్లు 12, డైములు 18. డాలర్లు, సెంట్లు కలగాపులగం చేసి కుడివైపు 4.80 అని వేస్తే లెక్క చెడుతుంది.

నోరు తెరవడానికి క్లాసుకన్నా ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్ (విద్యార్థులను తన గదిలో విడిగా కలిసే వేళలు) మేలు. దాదాపు ప్రతి కాలేజీలోనూ ట్యూటరింగ్ కేంద్రం ఉంటుంది, సాధారణంగా ఉచితం. ‘ఈ పాఠం రాదు’ అని వెళ్తే వాళ్లకూ ఏమీ తోచదు. మీరు చేసిన లెక్క కాగితం చూపించి ‘ఈ వరస నుంచి ఈ వరసకు ఎలా వచ్చింది’ అని వేలు పెట్టి అడగండి.

ప్రశ్న: నాకు పద్ధతులన్నీ వచ్చు. హోంవర్క్ బాగా చేస్తున్నాను. పరీక్షలో మాత్రం 70 దాటడం లేదు. ఎక్కడ పోతున్నాయో తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, షార్లట్, నార్త్ కరోలినా

జవాబు: మీరు పంపిన రెండు పేపర్లూ చూశాం. మీ తప్పులు ఐదు రకాలే, అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఈ కోర్సులో అందరూ చేసే తప్పులు కూడా ఇవే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

ఒకటి, కొట్టివేత. (క + 6)/6 లో పైనా కిందా 6 కొట్టేసి ‘క’ అని రాశారు. క స్థానంలో 6 వేసి చూడండి: 12/6 అంటే 2. మీ జవాబు ప్రకారం 6 రావాలి. కూడికలో ఉన్నదాన్ని కొట్టేయకూడదు, గుణకారంలో ఉన్నదాన్నే కొట్టేయాలి. అందుకే (క² − 9)/(క + 3) వస్తే ముందు (క − 3)(క + 3) అని విడగొట్టాలి, ఆ తర్వాతే కొట్టివేత.

రెండు, వర్గమూలం ఉన్న సమీకరణాల్లో జవాబు సరిచూడటం లేదు. మీ పేపర్లోదే తీసుకుందాం: √(క + 7) = క + 1. రెండు వైపులా వర్గం చేసి క + 7 = క² + 2క + 1 అన్నారు, బాగుంది. క² + క − 6 = 0, అంటే క = 2 లేదా −3. ఇక్కడ ఆపేశారు, సగం మార్కులు పోయాయి. 2 వేస్తే √9 = 3, కుడివైపూ 3. సరే. −3 వేస్తే ఎడమవైపు √4 = 2, కుడివైపు −2. కుదరదు. వర్గం చేయడంతో 2కూ −2కూ తేడా చెరిగిపోయి, లేని మూలం లోపలికి జొరబడింది. హారంలో చలరాశి ఉన్నప్పుడూ ఇదే ప్రమాదం. క/(క − 3) = 3/(క − 3) + 2 ను హారంతో గుణిస్తే క = 3 + 2క − 6, అంటే క = 3 వస్తుంది. 3 వేస్తే హారం సున్నా. కాబట్టి సాధన లేదు. ఈ రెండు పాఠాల్లో సరిచూడటం అనేది లెక్కలో భాగమే, అది రాయకపోతే మార్కులు కోస్తారు.

మూడు, చలరాశితో భాగించడం. క² = 5క ను ‘క’తో భాగించి క = 5 అని తేల్చారు. సున్నా ఎటుపోయింది? అన్నీ ఒకవైపు తెచ్చి క(క − 5) = 0 అనాలి.

నాలుగు, అసమీకరణం గుర్తు తిప్పడం. −3క + 4 > 19 లో 4ను తీసేసేటప్పుడే గుర్తు తిప్పేశారు, −3తో భాగించినప్పుడు మళ్లీ తిప్పారు. తిప్పాల్సింది రుణ సంఖ్యతో గుణించినప్పుడో భాగించినప్పుడో మాత్రమే. −3క > 15, క < −5. జవాబు అంతర రూపంలో అడిగితే (−∞, −5). అనంతం పక్కన ఎప్పుడూ గుండ్రటి కుండలీకరణమే. −5 కూడా చేరి ఉంటే అక్కడ చదరపుది వస్తుంది. మనకు స్కూల్లో ఈ రాత మీద ఇంత పట్టింపు ఉండదు, ఇక్కడ ఒక్క కుండలీకరణానికీ మార్కు పోతుంది.

ఐదోది కాలిక్యులేటర్ చేసే మోసం. 2క² − 5క − 3 = 0 కు విచక్షణి తీసేటప్పుడు −5 వర్గాన్ని కుండలీకరణం లేకుండా నొక్కారు. చాలా కాలిక్యులేటర్లు ముందు 5ను వర్గం చేసి, తర్వాత రుణ గుర్తు తగిలించి −25 ఇస్తాయి. దానికి 24 కలిపితే −1, దాంతో మీరు సంకీర్ణ మూలాలు రాసేశారు. నిజానికి 25 + 24 = 49, మూలాలు 3, −1/2. రుణ సంఖ్యను ఎక్కడ ప్రతిక్షేపించినా కుండలీకరణంలో పెట్టే వేయండి.

హోంవర్క్‌లో ఈ తప్పులు ఎందుకు బయటపడలేదంటే, ఆన్‌లైన్ హోంవర్క్‌లో ‘ఇలాంటి లెక్క చూపించు’ అనే మీట ఉంటుంది. దాన్ని చూస్తూ అంకెలు మార్చి చేసేస్తాం, వచ్చేసినట్టే ఉంటుంది. పరీక్షకు నాలుగు రోజుల ముందు పాఠానికి రెండేసి లెక్కలు కలగలిపి, పుస్తకం మూసి, కాగితం మీద చేయండి. ఏ లెక్కకు ఏ పద్ధతి అన్నది మీరే ఎంచుకోవాల్సి వచ్చినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

ప్రశ్న: జవాబు సరైనదే, కంప్యూటర్ తప్పంటోంది. హోంవర్క్ మార్కులు పోతున్నాయి.
– ఒక పాఠకుడు, చాండ్లర్, అరిజోనా

జవాబు: ప్రశ్న కింద చిన్న అక్షరాల్లో ఉండే సూచన చదవండి. ‘కచ్చితమైన జవాబు’ అంటే √12 ను 2√3 గా సూక్ష్మీకరించి రాయాలి, 3.46 పనికిరాదు. రెండు మూలాలుంటే మధ్యలో కామా. భిన్నం అడిగినచోట దశాంశం ఒప్పుకోదు. అయినా తప్పంటే తెర ఫొటో తీసి ప్రొఫెసర్‌కు ఈమెయిల్ పెట్టండి, మార్కు చేత్తో వేస్తారు. ఆన్‌లైన్ హోంవర్క్ తెరిచే యాక్సెస్ కోడ్‌కు డబ్బు కట్టే ముందు రెండు వారాల తాత్కాలిక యాక్సెస్ ఉందేమో చూడండి. కోర్సు మానేయాల్సి వస్తే కోడ్ డబ్బు మిగులుతుంది.

ప్రశ్న: వేసవిలో ఎనిమిది వారాల్లో అయిపోతుందట. పిల్లలకు సెలవులు కదా, అప్పుడు తీసుకోనా, ఫాల్‌లో (వేసవి తర్వాతి సెమిస్టర్‌లో) తీసుకోనా?
– ఒక పాఠకురాలు, నేపర్‌విల్, ఇల్లినాయి

జవాబు: లెక్క కట్టి చూద్దాం. నాలుగు క్రెడిట్ల కోర్సుకు వారానికి క్లాసు నాలుగు గంటలు, ఇంటి పని దానికి రెట్టింపు, మొత్తం 12 గంటలు. 16 వారాలకు 192 గంటలు. అదే సరుకును ఎనిమిది వారాల్లో కుక్కితే వారానికి 24. ఆరు వారాల కోర్సయితే 32. సెలవుల్లో పిల్లలు ఇంట్లో ఉంటారన్నది మీకు అనుకూలం అనుకుంటున్నారు, మాకు అలా అనిపించడం లేదు. ఫాల్ తీసుకోండి. పాత లెక్కలు బాగా గుర్తున్నవారికైతే వేసవి కోర్సే సుఖం, మరిచిపోయేలోగా అయిపోతుంది.

ఏ సెమిస్టర్ అయినా ఒకటి గుర్తుంచుకోండి. మొదటి మూడు వారాలు నల్లేరు మీద నడక. ఆరేడు వారాలకు భిన్న సమాసాలు (రేషనల్ ఎక్స్‌ప్రెషన్స్), వాటి వెంటే కరణులు వస్తాయి. అక్కడే తరగతి పలచబడుతుంది. కారణాంకాలు చేతికి రాకుండా భిన్న సమాసాల్లో అడుగు పెట్టలేరు, కాబట్టి ఐదో వారంలోనే మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. మానేయడానికి గడువులు రెండుంటాయి: డబ్బు వెనక్కొచ్చి, ట్రాన్‌స్క్రిప్టులో (కాలేజీ మార్కుల రికార్డులో) ఏమీ పడని గడువు ముందుది. డబ్బు రాకపోయినా ఎఫ్‌కు (ఫెయిల్‌కు) బదులు డబ్ల్యూ (కోర్సు మానేసినట్టు గుర్తు) పడే గడువు తర్వాతది. రెండూ సిలబస్ కాగితం అందిన రోజే క్యాలెండర్‌లో రాసుకోండి. క్లాసుకు వెళ్లడం మానేస్తే పేరు దానంతటదే పోతుందని అనుకుని ఎఫ్ తెచ్చుకున్నవారు ఉన్నారు.

ప్రశ్న: మా కాలేజీ జాబితాలో ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా అసలు కనిపించడం లేదు. తీసేశారా?
– ఒక పాఠకురాలు, ఫ్రిమాంట్, కాలిఫోర్నియా

జవాబు: చాలా కాలేజీల్లో తీసేశారు. కాలిఫోర్నియాలో 2017లో ఏబీ 705, 2022లో ఏబీ 1705 అనే చట్టాలొచ్చాయి. కింది మెట్ల దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయి చదువు మానేసేవాళ్లు ఎక్కువయ్యారని, విద్యార్థులను నేరుగా యూనివర్సిటీకి బదిలీ అయ్యే స్థాయి లెక్కల్లోకి పంపాలన్నది వాటి సారాంశం. కష్టంగా ఉండేవారికి దాని పక్కనే ఒకటి రెండు యూనిట్ల (ఇక్కడ క్రెడిట్లకు పేరు) సహాయక తరగతి జత చేస్తారు. దాన్నే కోరిక్విజిట్ అంటారు. అది ఐచ్ఛికమని చెప్పినా మీరు తీసుకోండి. ఆ వారం పాఠానికి కావలసిన పాత బీజగణితాన్ని అదే వారం నేర్పుతారు.

స్టాటిస్టిక్సా, కాలేజీ ఆల్జీబ్రానా అన్నది మీ లక్ష్యాన్ని బట్టి. నర్సింగ్, సైకాలజీ వైపు సాధారణంగా స్టాటిస్టిక్స్. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ అయితే కాలిక్యులస్ దాకా పోక తప్పదు, కాబట్టి స్టాటిస్టిక్స్ ఒక్కటే సరిపోదు. ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి చెల్లుతుందో రాష్ట్రంవారి ‘అసిస్ట్’ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. స్థానికులకు ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు, నాలుగు యూనిట్లకు 184. ఏడాదికి పైగా అక్కడే ఉంటున్న హెచ్4 వారు కూడా స్థానికులుగా నమోదుకు అడగవచ్చు. పాతది తిరగేస్తే చాలనుకుంటే దగ్గరలోని అడల్ట్ స్కూల్లోనో, కాలేజీ నాన్‌క్రెడిట్ తరగతుల్లోనో చూడండి.

ప్రశ్న: టెక్సాస్‌లో, ఫ్లోరిడాలో పద్ధతి ఏమిటి?
– పాఠకులు, ఫ్రిస్కో, టాంపా

జవాబు: టెక్సాస్‌లో టీఎస్‌ఐఏ2 అనే ప్లేస్‌మెంట్ పరీక్ష రాయాలి. లెక్కల్లో మొదటి విడత 20 ప్రశ్నలు. 950 వస్తే కాలేజీ స్థాయి దక్కినట్టే. తగ్గితే అక్కడికక్కడే 48 ప్రశ్నల రెండో విడత మొదలవుతుంది, అందులో ఆరో స్థాయి తెచ్చుకున్నా సరిపోతుంది. రెండో విడత వచ్చిందని డీలా పడి గబగబా నొక్కేయకండి, మిమ్మల్ని గట్టెక్కించేది అదే. టెక్సాస్‌లో కూడా కోరిక్విజిట్ పద్ధతే నడుస్తోంది.

ఫ్లోరిడాలో ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా నంబరు మ్యాట్ 1033. దీనికి క్రెడిట్ ఇస్తారు, అయితే ఎలెక్టివ్ (ఐచ్ఛిక కోర్సు) కిందే. జనరల్ ఎడ్యుకేషన్ (డిగ్రీకి అందరూ చేయాల్సిన కోర్సులు) లెక్కల అవసరం దీనితో తీరదు, పైన ఇంకో కోర్సు చేయాల్సిందే. రాష్ట్రం మారబోతున్నవారు ఈ క్రెడిట్ కొత్తచోట చెల్లుతుందని లెక్క వేసుకోవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి హైస్కూల్లో ఆల్జీబ్రా టూ బదులు వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో ఇది పూర్తి చేస్తానంటున్నాడు. చేయనివ్వమంటారా?
– ఒక తండ్రి, కేటీ, టెక్సాస్

జవాబు: స్కూలు కౌన్సెలర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప వద్దు. కాలేజీ గ్రేడు జీవితాంతం ట్రాన్‌స్క్రిప్టులో ఉండిపోతుంది, సీ వచ్చినా సరే. తర్వాత ప్రీ కాలిక్యులస్ పునాది ఈ పాఠాల మీదే. ఎనిమిది వారాల్లో పరిగెత్తించి ఆదా చేసేది ఏమీ లేదు. కాలేజీ క్రెడిట్టే కావాలంటే ఇది దాటాక కాలేజీ ఆల్జీబ్రా తీసుకోమనండి.

ప్రశ్న: గ్రాఫింగ్ కాలిక్యులేటర్ కొనాలా? వంద డాలర్ల పైన చెబుతున్నారు.
– ఒక పాఠకురాలు, ఆల్ఫరెటా, జార్జియా

జవాబు: సిలబస్ చేతికొచ్చేదాకా కొనకండి. ఈ కోర్సులో చాలామంది ప్రొఫెసర్లు పరీక్షకు గ్రాఫింగ్ కాలిక్యులేటర్ రానివ్వరు, టీఐ 30 రకం మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలంటారు. ఇంట్లో గ్రాఫులు చూసుకోవడానికి డెస్మాస్ వెబ్‌సైటు ఉచితం. తప్పనిసరి అంటే టీఐ 84 కాలేజీ లైబ్రరీలో సెమిస్టర్‌కు అరువిస్తారేమో అడగండి. మొదటి వారంలోనే వెళ్లండి, రెండో వారానికి మిగలవు.